జెన పండితేనే సూది పనిచేస్తుంది: ఒవాప్రిమ్ తరహా మందులు మన హ్యాచరీలకు ఎంతవరకు అక్కరకొస్తాయి

మిరుగు దాటి ఆరుద్ర కార్తెలో నాలుగు వానలు పడి ఆకాశం మబ్బు పట్టిందంటే, ఉమ్మడి నల్గొండ, పాలమూరు జిల్లాల చేపపిల్లల హ్యాచరీల్లో సాయంత్రం పూట సిరంజీలు బయటికి వస్తాయి. ఆ సిరంజీల్లోకి ఎక్కే, తల్లి చేపలతో గుడ్లు పెట్టించే మందు గురించే ఈ సమీక్ష. ఒవాప్రిమ్, ఒవాటైడ్, వోవా ఎఫ్‌హెచ్ అన్నవి మన దగ్గర ఎక్కువగా వినిపించే పేర్లు. పేర్లు వేరైనా పనిచేసే తీరు ఒక్కటే కాబట్టి కలిపే చూస్తున్నాం. ముందే తీర్పు చెప్పాలంటే, రోహుకు, మృగాలకు ఇది కళ్లు మూసుకుని కొనదగ్గ మందు. బొచ్చెకు (కట్లకు) కొనాల్సిందే గానీ ఖర్చు లెక్క చూసుకుని వాడాలి. బంగారు తీగకు (కామన్ కార్ప్‌కు) మాత్రం దాదాపు దండగ. తల్లి చేపల చెరువును చలికాలం నుంచీ చూసుకోని హ్యాచరీకి ఏ చేపకైనా దండగే.

ఎందుకు దండగో తెలియాలంటే మందు లోపల ఏం చేస్తుందో తెలియాలి. బొచ్చె, రోహు, మృగాల నదిలో పెరిగి వరదలో గుడ్లు పెట్టే జాతులు. చెరువులో నిలవ నీళ్లలో వాటి కడుపులో జెన, అంటే గుడ్ల ముద్ద, పెరుగుతుంది, చివరి మెట్టు దాకా వస్తుంది, అక్కడ ఆగిపోతుంది. కొత్త నీళ్లు, పారకం, వేడి తగ్గడం లాంటి గుర్తులు అందితే తప్ప మెదడు నుంచి పిట్యూటరీ గ్రంథికి ఆజ్ఞ వెళ్లదు. ఆజ్ఞ వెళ్లకపోవడం ఒక్కటే కాదు, డోపమిన్ అనే పదార్థం ఆ గ్రంథిని పనిచేయనీయకుండా పట్టి ఉంచుతుంది కూడా. ఒవాప్రిమ్‌లో రెండు పదార్థాలు ఉన్నది అందుకే. ఒక మి.లీ.లో 20 మైక్రోగ్రాముల సాల్మన్ చేప హార్మోను నమూనా ఉంటుంది, ఇది గ్రంథికి ఆజ్ఞ ఇస్తుంది. 10 మి.గ్రా. డోంపెరిడోన్ ఉంటుంది, ఇది డోపమిన్ పట్టును విడిపిస్తుంది. ఒవాటైడ్‌లో డోంపెరిడోన్ స్థానంలో పిమోజైడ్ ఉంటుంది, చేసే పని అదే. వోవా ఎఫ్‌హెచ్‌లో మళ్లీ డోంపెరిడోనే.

ఇక్కడ గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. ఈ మందు నేరుగా అండాశయం మీద పనిచేయదు. చేప సొంత గ్రంథిలో నిలవ ఉన్న హార్మోనును బయటికి రప్పిస్తుంది, అంతే. గ్రంథిలో సరుకు లేకపోతే, జెన పచ్చిగా ఉంటే, సీసా మొత్తం ఎక్కించినా గుడ్డు రాలదు. పాత పద్ధతిలో వాడే పిట్యూటరీ రసం దీనికి భిన్నం. అది వేరే చేప గ్రంథిలోంచి తీసిన హార్మోనునే నేరుగా అందిస్తుంది. మన దేశంలో చేపలకు సూదితో గుడ్లు పెట్టించే పద్ధతిని 1957 జూలై 10న ఒడిశాలో హీరాలాల్ చౌధురి, అలికున్హి సాధించింది ఆ గ్రంథి రసంతోనే. ఏటా జూలై 10న జాతీయ మత్స్య రైతుల దినం జరిపేది ఆ రోజు గుర్తుగానే.

ఆ పద్ధతి ఈనాటికీ పనికొస్తుంది, కానీ చాకిరీ ఎక్కువ. ఆడ చేపకు కిలోకు 2-3 మి.గ్రా. మొదటి సూది, ఆరు గంటలు ఆగి 5-8 మి.గ్రా. రెండో సూది, ఆ రెండోసారే మగ చేపకు కిలోకు 2-3 మి.గ్రా. వేయాలి. గ్రంథులు పండిన చేపలవి అయి ఉండాలి, ఆల్కహాల్‌లో సరిగా నిలవ చేసినవి కావాలి, అప్పటికప్పుడు నూరి, తేర్చి వాడాలి. ఒక గ్రంథి బలం ఇంకో గ్రంథికి ఉండదు. అన్నిటికంటే పెద్ద నష్టం తల్లి చేపను రెండుసార్లు వలలో పట్టడం. పొలుసులు ఊడతాయి, కడుపు నలుగుతుంది, బొచ్చె అయితే ఆ కొట్టుకోవడంలోనే ప్రాణం మీదికి తెచ్చుకుంటుంది. ఒక్క సూదితో పని ముగియడం, ఆడా మగా ఇద్దరికీ ఒకేసారి వేయగలగడం ఈ కొత్త మందుల అసలు విలువ. గది వేడిలో నిలవ ఉంటుంది కాబట్టి ఫ్రిజ్ లేని హ్యాచరీలోనూ ఇబ్బంది లేదు. ఎండ తగలని అరలో పెడితే చాలు.

మోతాదుల దగ్గర చాలామంది పొరపాటు పడతారు. లేబుల్ మీద కిలోకు 0.5 మి.లీ. అని చూసి అన్ని చేపలకూ అదే ఎక్కిస్తారు. నిజానికి ఆడ రోహుకు 0.3-0.4 మి.లీ. చాలు. మృగాలకు 0.25-0.3 సరిపోతుంది. బొచ్చెకు 0.4-0.5 కావాలి. గడ్డి చేప (గ్రాస్ కార్ప్), వెండి చేప (సిల్వర్ కార్ప్)లకు 0.4 నుంచి మొదలై ఇంకా పైకి పోతుంది. మగ చేపలకు జాతిని బట్టి 0.1-0.2, వెండి చేప మగవాటికి కొంచెం ఎక్కువ. ఒవాటైడ్ మోతాదులు కూడా ఈ చుట్టుపక్కలే ఉంటాయి. నీళ్లు చల్లగా ఉండి సీజన్ మొదట్లో వేస్తే మోతాదు పై అంచుకు, జెన బాగా పండి వాన పడుతుంటే కింది అంచుకు పోవాలి. ఎక్కువ వేస్తే ఎక్కువ గుడ్లు వస్తాయన్నది తప్పు లెక్క. మోతాదు మించితే గుడ్లు గబగబా రాలుతాయి, కొన్ని పచ్చిగానే వస్తాయి, ఫలదీకరణ పడిపోతుంది, కొన్నిసార్లు జెన కడుపులోనే అడ్డుపడి తల్లి చేప చచ్చిపోతుంది.

ఖర్చు లెక్క ఇలా వేసుకోండి. రెండేసి కిలోల ఆడ రోహులు పది, అంటే 20 కిలోలు. కిలోకు 0.3 చొప్పున 6 మి.లీ. అంతే బరువు మగ చేపలకు 0.15 చొప్పున 3 మి.లీ. మొత్తం 9, అంటే 10 మి.లీ. సీసా ఒకటి. రోహు కిలోకు రెండు లక్షల గుడ్లు పెడుతుందనుకుంటే 40 లక్షల గుడ్లు. అదే 20 కిలోల బొచ్చెకు ఆడవాటికి 0.45 చొప్పున 9, మగవాటికి 0.2 చొప్పున 4, మొత్తం 13 మి.లీ. గుడ్లు మాత్రం కిలోకు లక్ష చొప్పున 20 లక్షలే. లక్ష గుడ్లకు పట్టే మందు రోహుకంటే బొచ్చెకు దాదాపు మూడు రెట్లు. బొచ్చె స్పాన్‌ను (అప్పుడే పుట్టిన పిల్లలను) రోహు ధరకే అమ్మే హ్యాచరీ ఎక్కడో ఒక చోట కత్తిరించుకుంటోందని అర్థం. ఎక్కువసార్లు ఆ కత్తెర మగ చేపల మోతాదు మీద పడుతుంది, అది గుడ్లు ఫలదీకరణ కాక తెల్లబడటంలో బయటపడుతుంది.

ఇక చేపను చూసే పని. సగం హ్యాచరీలు ఓడిపోయేది ఇక్కడే. మగ చేప రొమ్ము రెక్క లోపలి వైపు వేలితో రాస్తే గరుకుగా తగలాలి, పొట్ట మీద మెల్లగా వత్తితే పాలు (వీర్యం) చిక్కగా, ధారగా రావాలి. నీళ్లలా పలచగా వస్తే దాన్ని పక్కన పెట్టండి. ఆడ చేప కడుపు రెండు వైపులా ఉబ్బి మెత్తగా ఉండాలి, ద్వారం వాచి ఎర్రబారి ఉండాలి. అయితే మేత నిండిన కడుపు కూడా ఉబ్బుగానే కనిపిస్తుంది. అందుకే ముందు రోజు మేత ఆపి, ఎంచిన చేపలను హాపాలో (నీళ్లలో కట్టే వల తొట్టిలో) ఉంచి చూడాలి. అనుమానం ఉంటే సన్నని మెత్తని గొట్టంతో ఓ యాభై గుడ్లు తీసి చూడటం మంచిది. గుడ్లు ఒకే సైజులో, ఒకదానికొకటి అంటుకోకుండా విడివిడిగా ఉండాలి. ఆరు పాళ్లు ఆల్కహాల్, మూడు పాళ్లు ఫార్మలిన్, ఒక పాలు ఎసిటిక్ ఆమ్లం కలిపిన ద్రవంలో వేసి అయిదు నిమిషాలు ఆగితే గుడ్డు లోపలి కేంద్రకం తెల్లటి చుక్కలా కనిపిస్తుంది. ఆ చుక్క నడిమధ్యలో ఉంటే జెన ఇంకా పచ్చి, సూది వేయకండి. అంచుకు జరిగి ఉంటే ఆ సాయంత్రమే వేయండి. చుక్క ఎక్కడా కనిపించక, గుడ్డు మెత్తబడి చిదిగిపోతుంటే జెన చెడిపోవడం మొదలైంది, దానికి మందు వృథా.

నల్గొండ ఎండల్లో ఈ చివరి పరిస్థితి ఎక్కువ. ఏప్రిల్, మే నెలల్లో తల్లి చేపల చెరువు మూడు అడుగుల లోతుకు పడిపోయి నీళ్లు కాగితే, ముందుగా పండిన జెన వాన ఆలస్యమయ్యేసరికి కడుపులోనే కరిగిపోతుంది. చెరువులో కనీసం అయిదారు అడుగుల నీళ్లు ఉంచడం, సాయంత్రం పూట తాజా నీళ్లు జల్లుగా పెట్టడం, హెక్టారుకు ఒకటిన్నర రెండు టన్నులకు మించి తల్లి చేపలను కుక్కకపోవడం వల్లే మందుకు విలువ వస్తుంది. మేత డిసెంబరు, జనవరి నుంచే సరిగా పెట్టాలి. పల్లి చెక్క, తవుడు సమపాళ్లు పెడితే చేప బతుకుతుంది గానీ, జెన నాణ్యతకు చేప పొడి, ఖనిజ లవణాలు కూడా కలవాలి. భువనేశ్వర్‌లోని మంచినీటి చేపల పెంపకం పరిశోధన సంస్థ సిఫా ఇందుకోసమే సిఫాబ్రూడ్ అనే మేత తయారుచేసింది. చేపను ముందుగా పండించడంలో దానికి మంచి పేరుంది. మిరుగు రోజు చేపల గిరాకీ మన ఊళ్లలో ఎలా ఉంటుందో అందరికీ తెలుసు. ఆ ఒక్క రోజు ధరకు ఆశపడి జెన నిండిన మూడు కిలోల బొచ్చెను తూకంలో పెట్టిన సంఘాలకు, పది రోజుల తర్వాత పిల్లల కోసం కైకలూరు లారీ కోసం చూడక తప్పదు.

సూది వేయడం చిన్న పనే, కానీ తొందర పనికిరాదు. ఈ మందు చిక్కగా, నూనెలా ఉంటుంది. సిరంజీలోకి నిదానంగా లాగాలి, బుడగలు పోయేదాకా తట్టాలి, లేకపోతే 0.9 మి.లీ. అనుకుని 0.7 వేస్తారు. 2 మి.లీ. సిరంజీ, 22 లేదా 24 నంబరు సూది సరిపోతాయి. తడి గుడ్డలో చేపను పట్టి, తల కప్పి, తోక మొదలు దగ్గర గానీ వీపు రెక్క కింద భుజం మీద గానీ, ఒంటి పక్కన పొడవునా ఉండే గీతకు పైన, పొలుసు కింద నుంచి 45 డిగ్రీల వాలులో కండలోకి దించాలి. మందు ఎక్కాక సూదిని వెంటనే లాగకుండా క్షణం ఆగి, వేలితో ఆ చోట రుద్దితే మందు బయటికి ఊరదు. చేపను కంటితో అంచనా కట్టకండి, ప్రతి చేపనూ తూచండి. చేతికి సూది గుచ్చుకోకుండా చూసుకోండి. సూది వేసిన చేపను తినడానికి అమ్మకండి.

సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది మధ్య వేసి గుండ్రటి బ్రీడింగ్ తొట్టిలో వదిలితే తెల్లవారుజామున గుడ్లు పెడతాయి. ఒక ఆడ చేపకు రెండు మగ చేపలు, బరువు లెక్కన సమానం. నీళ్లు 27-28 డిగ్రీల దగ్గర ఉంటే సూది వేసిన దాదాపు పది గంటల్లో పని జరుగుతుంది, చల్లగా ఉంటే ఇంకాస్త ఆలస్యం. 31 దాటితే సూది వేయడమే వాయిదా వేసుకోవడం మేలు. తొట్టిలో పై నుంచి జల్లు, పక్క నుంచి పారకం రెండూ ఉండాలి. పారకం లేని తొట్టిలో రోహు గుడ్లు వదిలినా మగ చేప వెంటపడటం తగ్గి, తెల్ల గుడ్లు పెరుగుతాయి.

బోరు నీళ్ల మాట విడిగా చెప్పాలి. మన జిల్లాల్లో హ్యాచరీలు ఎక్కువగా బోర్ల మీదే నడుస్తాయి. బోరు నుంచి నేరుగా వచ్చే నీళ్లలో ప్రాణవాయువు తక్కువ, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ. ఇనుము ఉంటే గాలి తగిలాక ఎర్రటి తుప్పులా దిగి గుడ్డు మీద పొరలా అంటుకుంటుంది. నీళ్లను ముందు రోజే పై ట్యాంకులోకి ఎక్కించి, పడేటప్పుడు జల్లెడ పళ్లెం మీంచి చిందేలా చేస్తే ఈ రెండు సమస్యలూ చాలావరకు తీరతాయి. ఆ ట్యాంకు చిన్నదైతే కరెంటు పోయిన గంటలో గుడ్లన్నీ అడుగుకు చేరి ఊపిరాడక చస్తాయి. అప్పుడు జనం మందును తిడతారు.

మందు మంచిదో కాదో తేల్చే కొలత గుడ్ల సంఖ్య కాదు, నాలుగైదు గంటల తర్వాత లెక్కించే ఫలదీకరణ శాతం. గుడ్లు నీళ్లు పీల్చి ఉబ్బాక గ్లాసుతో మూడు చోట్ల నుంచి తీసి, ఒక్కో దఫా వంద చొప్పున లెక్కపెట్టాలి. అద్దంలా మెరిసేవి మంచివి, పాలలా తెల్లబడ్డవి చచ్చినవి. 80 పైన వస్తే చేప, మందు, నీళ్లు మూడూ సరిగా ఉన్నట్టు. 50 దగ్గర ఆగితే ముందు మగ చేపలను అనుమానించండి, తర్వాత మోతాదును, చివరగా సీసాను. గుడ్లు అసలే రాకపోతే జెనను. హ్యాచింగ్ తొట్టిలో ఘనపు మీటరుకు ఏడు లక్షల గుడ్లు మించకూడదు. పై లెక్కలోని 40 లక్షల రోహు గుడ్లకు ఆరు ఘనపు మీటర్లు కావాలి. గుడ్లు పెట్టిన 14-18 గంటలకు అవి పగిలే సమయంలో పారకం తగ్గించాలి, లేకపోతే అప్పుడే బయటపడ్డ పిల్లలు జాలీకి కొట్టుకుని నలుగుతాయి. తర్వాత మళ్లీ పెంచి, మూడు రోజులకు సొన సంచి కరిగాక స్పాన్ తీయాలి.

ఒక్క సూది మందుల వల్ల వచ్చిన చెడు ఒకటి ఉంది. మూడు జాతులకూ ఒకే వేళకు సూది వేయగలగడంతో, తొట్టి ఖాళీ లేదని బొచ్చె, రోహు, మృగాలలను ఒకే తొట్టిలో వదిలేసే అలవాటు పెరిగింది. పాలు నీళ్లలో కలిసిపోతాయి, బొచ్చె గుడ్డుకు రోహు పాలు తగులుతాయి, సంకరం పుడుతుంది. చేపపిల్ల సైజులో దాన్ని గుర్తుపట్టడం కష్టం. అది పెరిగి మళ్లీ తల్లి చేపగా చేరితే అక్కడి నుంచి ఆ హ్యాచరీ విత్తనమే మసకబారుతుంది. దీనికి తోడు, ఎదుగుదల మంచిగా ఉన్న చేపలను సంతకు పంపి, మిగిలిన నాసిరకాన్ని తల్లి చేపలుగా ఉంచడం, తన హ్యాచరీ పిల్లలనే తరాల పాటు తల్లి చేపలుగా వాడుకోవడం. పశువులతో పోల్చి చూడండి. అమ్రాబాద్ గుట్టల్లో ఒంటి మీద మచ్చలుండే పొడ తూర్పు పశువులకు 2020లో జాతిగా గుర్తింపు దొరికింది. అక్కడి పెంపకందార్లు మందలోకి వదిలే కోడెను తల్లిని, తండ్రిని చూసి ఎంచుతారు. లక్షల పిల్లలకు తండ్రి అయ్యే రోహు పోతును మాత్రం వలలో ముందు చిక్కిందని వాడుతున్నాం. ఈ నిర్లక్ష్యాన్ని ఏ మందూ సరిచేయదు. సిఫా ఎదుగుదల కోసం తరాలుగా ఎంచి తయారుచేసిన జయంతి రోహును 1997లో విడుదల చేసింది. అలాంటి మేలైన తల్లి చేపలు తెచ్చుకోవడం, ఏటా కొన్ని మగ చేపలను వేరే హ్యాచరీతో మార్చుకోవడం, జాతికో తొట్టి కేటాయించడం ఇవన్నీ సీసా ధర కంటే ఎక్కువ ఫలితమిస్తాయి.

బంగారు తీగకు దండగ అన్న మాటకు కారణం కూడా చెప్పాలి. అది నిలవ నీళ్లలోనే, జనవరి నుంచి మార్చి మధ్య ఒకసారి, వానాకాలంలో మరోసారి తనంతట తనే గుడ్లు పెడుతుంది. హాపాలో నాచు మొక్కలు వేసి ఆడ, మగ చేపలను వదిలితే జిగురు గుడ్లు వాటికి అంటుకుంటాయి. అన్నీ ఒకే రాత్రి కావాలనుకునే పెద్ద హ్యాచరీ తప్ప ఇంకెవరూ దానికి సూది వెతకనక్కర్లేదు. కొర్రమీనుది వేరే సంగతి. తెలంగాణ రాష్ట్ర చేప కాబట్టి అడిగేవాళ్లు పెరిగారు, ఈ మందుకు అది బాగానే స్పందిస్తుంది కూడా. జతగా చిన్న తొట్టిలో వదిలితే తేలే గుడ్లు పెడుతుంది. కానీ కష్టం సూది దగ్గర కాదు, పిల్లలు ఒకదాన్నొకటి తినడం మొదలుపెట్టాక సైజుల వారీగా వేరుచేస్తూ పోవడంలో ఉంది. ఆ ఓపిక, జాగా లేనివాళ్లు కొర్రమీను కోసం ఈ మందు కొనొద్దు.

మూడు మందుల్లో ఏది అంటే, సీల్ సరిగా ఉన్నది, తయారీ తేదీ, గడువు స్పష్టంగా ఉన్నది, బిల్లుతో ఇచ్చేది. సీజన్ మధ్యలో మందు మార్చకండి. మార్చాలనుకుంటే ముందు రెండు జతల మీద చూసి, ఫలదీకరణ శాతం రాసుకుని, తర్వాత మిగతావాటికి వాడండి. తెరిచిన సీసాను వచ్చే ఏడాదికి దాచకండి.

గుడ్లు పెట్టిన తల్లి చేపలను అదే పాత చెరువులో పారేయడం మామూలుగా జరిగే తప్పు. లీటరుకు 5 మి.గ్రా. పొటాషియం పర్మాంగనేట్ కలిపిన నీళ్లలో రెండు మూడు నిమిషాలు ఉంచి, వేరే చెరువులో వదిలి, ఆ మర్నాటి నుంచే మేత పెట్టాలి. అలా చూసుకున్న రోహు రెండు నెలల్లో మళ్లీ జెన కడుతుంది, అదే సీజన్లో రెండో కాన్పు తీసుకోవచ్చు. రెండో కాన్పులో గుడ్ల సంఖ్య కొంత తగ్గుతుంది కాబట్టి మోతాదును కింది అంచులోనే ఉంచండి.